వంతెన దగ్గరి మనిషి

"వీడు ఊపిరి తీసుకుంటలేడేమో అంకుల్. నాకు కనపడ్తలేదు."

ఫెన్సు అవతల గొట్టంతో నీళ్ళు పడుతున్న చప్పుడు ఆగింది. తర్వాత ఒక ముసలి గొంతు, తొందరేమీ లేకుండా, "ఏం కనబడుతోందో చెప్పమ్మా. కనబడనిది తర్వాత చెబుదువుగాని," అంది.

లాస్య ప్రామ్ బండి మీదికి వంగింది. పిల్లాడి పెదవులు ఎర్రగానే ఉన్నాయని చెప్పింది. దుప్పటి మీద అచ్చువేసిన ఏనుగు బొమ్మ కొంచెం లేస్తోంది, పడుతోంది అని చెప్పింది. తన మాట తన చెవిన పడ్డాక గడ్డి మీద కూర్చుంది.

"ఏనుగు లేస్తోందంటే ఊపిరాడుతున్నట్టేగా," అన్నాడాయన. "ఇప్పుడు చెప్పు, ఇంకేం భయమో."

అప్పటికి వాళ్ళకు ఒకరి పేరు ఒకరికి తెలియదు. మెల్‌బోర్న్ శివారు క్లైడ్ నార్త్‌లో ఇళ్ళన్నీ ఒక్కసారే లేచినవి. చెత్త బిన్ను బయట పెట్టేటప్పుడు చెయ్యి ఊపుకోవడమే ఇరుగుపొరుగు పరిచయం. పక్కింట్లో ఒంటరిగా ఉండే పెద్దాయన తెలుగువాడని, ఆయన ఫోన్లో మాట్లాడుతుంటే విని లాస్య తెలుసుకుంది, అంతే. ఆ మధ్యాహ్నం భయం ఆమె నోట తెలుగులోనే బయటికొచ్చి ఫెన్సు దాటింది.

లాస్యది హనుమకొండ. మైక్రోబయాలజీ చదివి, ఇక్కడ తిండి పదార్థాలు పరీక్షించే ల్యాబులో మైక్రోస్కోపు ముందు పనిచేసేది. కంటికి కనపడనివి ఎన్ని ఉంటాయో తెలిసిన మనిషి తల్లయితే ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి ఉండదు. భర్త ఉపేంద్ర పొద్దున్నే క్రాన్‌బర్న్‌లో రైలెక్కి సిటీకి వెళ్ళిపోయాక, సాయంత్రం దాకా ఇంట్లో ఆమె, చంటివాడు జయంత్, ఆ భయం. వాడు నిద్రపోతే ముక్కు కింద వేలు పెట్టి చూసేది. గాలి తగిలితే, తగిలింది తన ఊపిరేమోనని మళ్ళీ అనుమానం.

పెద్దాయన పేరు ద్వారకానాథ్. రేడియాలజిస్టు. మెల్‌బోర్న్ ఆస్పత్రుల్లో చీకటి గదిలో కూర్చుని, ఇతరుల ఎముకలూ ఊపిరితిత్తులూ చదువుతూ జీవితం గడిపాడు. ఇప్పుడు రెండు కళ్ళలోనూ చూపు మధ్యభాగం పోయింది, అంచులు మాత్రం మిగిలాయి. "నీ మొహం వైపు చూస్తే మొహం మాయమవుతుంది. చెవిని చూస్తూ మాట్లాడితే మొహం కొంచెం తెలుస్తుంది. ఏమీ అనుకోకు," అని మొదటిసారి కాఫీకి పిలిచినప్పుడే చెప్పాడు. భార్య లీల పోయాక ఆయన ఒక్కడే ఉంటున్నాడు. కూతురు కిరణ్మయిది సిడ్నీ, స్కోఫీల్డ్స్. తన దగ్గరికి వచ్చెయ్యమని ఫోన్ చేసినప్పుడల్లా పోరు. ఆయన కదలకపోవడానికి కారణం గ్యారేజీలో ఉంది.

కారు అమ్మేసిన గ్యారేజీ అది. గోడకు ఒక పాత వ్యూబాక్సు, ఎక్స్‌రే ఫిల్ములు పెట్టి చూసే దీపాల పెట్టె. కింద అట్టపెట్టెల నిండా ఎక్స్‌రే కవర్లు. కవర్లలో ఎక్స్‌రేలు లేవు, రెండో ప్రపంచయుద్ధం నాటి ఫొటోలున్నాయి. ఆదివారం సంతల్లోనూ, పాత సామాన్ల షాపుల్లోనూ, మాజీ సైనికుల కుటుంబాల దగ్గరా పోగు చేశాడు. ఎక్కువగా బ్రిటిష్ సిపాయిలవి. ఎందుకని లాస్య అడిగితే, "మా నాన్న వీపు మీద ఏం మోశాడో తెలిస్తే, ఎలా నడిచాడో తెలుస్తుందని," అన్నాడు.

ఆయన తండ్రి జనార్దనరావు పార్వతీపురం వైపు నుంచి బ్రిటిష్ సైన్యంలో చేరి, వంతెనలు కట్టే, అవసరమైతే పేల్చే దళంలో మలయా వెళ్ళాడు. ద్వారకానాథ్ అప్పటికి తల్లి ఒళ్ళో పిల్లాడు. జపాను సైన్యం తరుముకొస్తుంటే బ్రిటిష్ దళాలు సింగపూరు వైపు వెనక్కి తగ్గుతూ, దాటిన వంతెననల్లా పేలుస్తూ పోయాయి. యుద్ధం అయ్యాక తిరిగొచ్చిన తోటి సిపాయి ఒకడు ఇంటికొచ్చి చెప్పిన మాట ఇంతే: వంతెన దగ్గర మందు పెడుతూ ఆగాడు, ఆ తర్వాత మా వెంట లేడు. సర్కారు చెప్పింది ఇంకా పొట్టి మాట: ఆచూకీ లేదు.

ఆచూకీ లేనివాడు చనిపోయినవాడు కాదు. తల్లి శేషుకుమారి బొట్టు తియ్యలేదు. పన్నెండేళ్ళు దాటాక దర్భలతో బొమ్మ చేసి కర్మ చేయించమని పెద్దలు చెబితే వాళ్ళను గుమ్మం లోపలికి రానివ్వలేదు. కొడుకును మాత్రం కంటి ముందు నుంచి కదలనిచ్చేది కాదు. ఏటికి పోనివ్వదు, చెట్టెక్కనివ్వదు, బడి గోడ పక్కనే నిలబడి ఉండేది. ద్వారకానాథ్ ఆస్ట్రేలియాలో స్థిరపడ్డాక ఆవిడనూ తెచ్చుకున్నాడు. ఇక్కడా అంతే. ఆస్పత్రి నుంచి కారొచ్చేదాకా, గాలయినా వానయినా, చీర మీద ఉన్ని కోటు వేసుకుని గేటు దగ్గర నిలబడేది. చివరికి ఆ బొట్టుతోనే పోయింది.

తల్లికి ఏటా తద్దినం పెడుతున్నాడు. తండ్రికి ఒక్కసారి కూడా పెట్టలేదు. తద్దినానికి తిథి కావాలి, తిథికి పోయిన రోజు తెలియాలి.

"తిథి తెల్వనోళ్ళకు మహాలయ అమావాస్య నాడు పెడ్తరు కద అంకుల్," అంది లాస్య.

"అది ఎవరికీ గుర్తులేని వాళ్ళందరికీ కలిపి పెట్టే రోజమ్మా. మా నాన్నను మా అమ్మ గుర్తుపెట్టుకుంది. నేను వెతుకుతున్నాను. ఆయన్ని అందులో కలిపేస్తే వెతకడం మానేసినట్టే."

వెతుకులాట అంతా ఒక్క ఫొటో మీద ఆగి ఉంది. అది గ్యారేజీలో ఉండదు. ఇంట్లో దేవుడి అలమరలో, లీల ఫొటో పక్కన, వెండి ఫ్రేములో ఉంటుంది. మలయాలో పోరాడిన ఒక ఆస్ట్రేలియా సైనికుడి కూతురు, క్రాన్‌బర్న్‌లో ఉండే ముసలావిడ, తండ్రి సామాన్లు సర్దుతూ ఆయనకిచ్చింది. వెనక 'మలయా, వంతెన' అని తప్ప ఇంకేమీ లేదు. విరిగిన వంతెన, దాని ముందు పనిచేస్తున్న భారతీయ సిపాయిలు. నడిమధ్య నిలబడ్డ సన్నటి మనిషి ఎడమ భుజం కిందికి జారి ఉంటుంది. 'మీ నాన్నది జారుడు భుజం, వెనక నుంచి చూసినా గుర్తుపడతాను' అని తల్లి ఎన్నిసార్లు చెప్పిందో. ఫొటో చేతికొచ్చిన రోజు నుంచి ఆయన ఆ మనిషి ముందు దీపం పెడుతున్నాడు.

ఆయన లెక్క సూటిగా ఉంది. ఫొటోలో ఉన్నది ఏ వంతెనో తేలితే, దాన్ని ఏ రోజు పేల్చారో యుద్ధ చరిత్రల్లో దొరుకుతుంది. ఆ రోజే తండ్రి తిథి. కళ్ళున్నప్పుడు రెండు మూడు వంతెనల మధ్య తేల్చుకోలేకపోయాడు. ఇప్పుడు తేల్చడానికి కళ్ళు లేవు. ఉన్న చూపు కూడా పోయేలోపు ఒక్కసారి తండ్రి పేరున పిండం పెట్టాలి. అందుకు ఇంకొకరి కళ్ళు కావాలి. మైక్రోస్కోపు అలవాటైన కళ్ళు పక్కింట్లోనే ఉన్నాయి.

అయినా ఆ ఫొటో వెంటనే ఇవ్వలేదు. "కొత్త డాక్టరుకి మొదటిరోజే కష్టమైన ఫిల్ము ఇవ్వం," అని మిగతావాటితో మొదలుపెట్టాడు. పద్ధతి ఆస్పత్రి పద్ధతే. అంచుల నుంచి లోపలికి రావాలి, ఎందుకంటే మధ్యలో ఉన్నది చూపును లాగేసుకుంటుంది. ముందు కనబడింది చెప్పాలి. దాని అర్థం తర్వాత. ఎవరి ఫొటో, ఏం కథ అన్నది అన్నిటికన్నా చివర.

జయంత్‌ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని లాస్య చెప్పడం నేర్చుకుంది. ఛాతీ మీద గుడ్డసంచి కట్టుకున్నారు అంటే, అది విషవాయువు ముసుగు, యుద్ధం మొదటి ఏళ్ళ భయం అనేవాడు. ఒకడికి మాత్రం మెడలో దుర్భిణీ తాడుంది అంటే, అతను ఆఫీసరు, బ్యాడ్జీలు తీసేసి సిపాయిలా తుపాకీ పట్టుకున్నా తాడు దాచడం మరిచిపోయాడు, దూరం నుంచి గురిచూసేవాడికి అది చాలు అనేవాడు. ప్రతివాడి రొమ్ము మీదా రెండు పెద్ద జేబులెందుకని ఆమె అడిగింది. దళం మొత్తానికి ఒక మెషిన్‌గన్ ఉంటుందట. దాని గుండ్లు అందరూ తలా కాసిని మోస్తారట. "సొంత తుపాకీకి మోసుకునేది కొంచెమే. మిగతాదంతా పక్కవాడి తుపాకీకే," అన్నాడాయన.

ఒకరోజు ఆమె చూస్తున్న ఫొటోలో సిపాయిలు భుజాలు రాసుకుంటూ నవ్వుతున్నారు. ఇంకో దాంట్లో రోడ్డుకు ఇరువైపులా, ఎడం ఎడంగా, ఒకరి పక్కన ఒకరు లేకుండా నడుస్తున్నారు.

"మొదటిది కెమెరా కోసం. రెండోది నిజం," అన్నాడు ద్వారకానాథ్. "అందరూ ఒకచోట ఉంటే ఒక్క గుండుకే అందరూ పోతారు. అలాగని మరీ దూరం పోరు. ముందువాడు చెయ్యెత్తితే వెనకవాడికి కనబడాలి." ఆమె చెవి వైపు చూసి, "నువ్వు వాడితో ఎప్పుడూ ఫొటో దిగుతున్నట్టే ఉంటావు తల్లీ," అన్నాడు.

జయంత్ అప్పటికి నడుస్తున్నాడు. లాస్య వాడి చొక్కా అంచు పట్టుకుని వెనకే నడిచేది. వాడు చొక్కా విదిలించి, "మైసెల్ఫ్," అనేవాడు. పాలపీక ఇంకా ఎన్నిసార్లు ఉడకబెడతావు, పప్పులో వేసుకుంటావా అని అంకుల్ ఏడిపించేవాడు. ఇంట్లో ఉపేంద్రదీ అదే వరస. "అంకుల్ దగ్గర మిలట్రీల చేరినవా ఏంది? పొద్దంత తుపాకుల ముచ్చట్లేనాయె," అనేవాడు. కానీ భార్య పిల్లాడి ముక్కు కింద వేలు పెట్టడం తగ్గించిందని అతనూ గమనించాడు.

జూలై నెల, ఇక్కడి చలికాలం మధ్యలో ఒక మధ్యాహ్నం ద్వారకానాథ్ ఆ ఫొటోను ఫ్రేములోంచి తీయించి గ్యారేజీకి తెచ్చాడు. రెండు చేతులతో తెచ్చాడు. వంతెన స్తంభాలు రాతివా ఇనుమువా, పట్టాలున్నాయా, ఎన్ని కమానులు కూలాయి, అవి చూడమన్నాడు. జయంత్ కింద కూర్చుని ఖాళీ ఎక్స్‌రే కవరు తల మీద బోర్లించుకుంటున్నాడు.

లాస్య భూతద్దం తీసుకుని, నేర్పినట్టే అంచుల నుంచి మొదలుపెట్టింది. కుడి అంచున చెట్లు. కింద బురద, చక్రాల గుర్తులు. ఎడమ అంచున, ఫ్రేములో మడత కింద ఇన్నాళ్ళూ దాగిన చోట, రోడ్డు పక్క ఇద్దరు తెల్ల సిపాయిలు కూర్చుని ఉన్నారు. పొడుగు ప్యాంట్లు. చొక్కా చేతులు మణికట్టు దాకా దించి ఉన్నాయి. ఒకడి మోకాళ్ళ మీద తుపాకీ అడ్డంగా ఉంది. దాని మూతికి చిన్న గరాటు బిగించినట్టు ఉంది.

ఆమె అక్కడ ఆగిపోయింది. ఆ గరాటు ఏమిటో ఆమెకు తెలుసు. ఆయనే చెప్పాడు. పొట్టి తుపాకీ పేలినప్పుడు మంట కనపడకుండా పెట్టినది, యుద్ధం చివరి రోజుల్లో వచ్చింది. వెనక్కి తగ్గిన ఆ తొలి ఏడాది మలయాలో ఎవరి చేతిలోనూ ఉండే వీలు లేదు.

ఏమీ కనపడలేదని చెప్పి, స్తంభాల మీదికి పోవచ్చు. ఆయనకు తెలిసే దారి లేదు. ఏదో ఒక వంతెన పేరు తేలుతుంది. ఒక తిథి వస్తుంది. ముసలాయన తండ్రికి పిండం పెట్టుకుంటాడు. దానివల్ల ఎవరికి నష్టం?

"జూనియర్ ఉన్నట్టుండి మాట్లాడ్డం మానేస్తే రెండే కారణాలు," అన్నాడు ద్వారకానాథ్ కుర్చీలోంచి. "నిద్రొచ్చి ఉండాలి. లేకపోతే నాకు చెప్పకూడనిది కనబడి ఉండాలి."

"అంకుల్..."

"కనబడింది చెప్పమ్మా."

చెప్పింది. ప్యాంట్లు, చొక్కా చేతులు, తుపాకీ. గరాటు అనే మాట ఆఖరున చెప్పింది. గరాటు మూతి ఎంత వెడల్పు ఉందో ఆయన అడిగాడు, తుపాకీ పొడవు సిపాయి చేతితో పోలిస్తే ఎంతో అడిగాడు. వేరే ఎవరి ఫిల్ము గురించో అడుగుతున్నట్టే అడిగాడు.

"అయితే ఇది యుద్ధం అయిపోయాక తీసింది," అన్నాడు చివరికి. "ఫొటో తీసిన ఆ ఆస్ట్రేలియా సైనికుడు జపాను వాళ్ళ ఖైదులోంచి బయటపడి ఇంటికొస్తూ దారిలో తీసుంటాడు. వీళ్ళు వంతెన పేల్చడం లేదు, మళ్ళీ కడుతున్నారు."

లాస్య ఆ ఇద్దరు సిపాయిలనూ మళ్ళీ ఒకసారి చూసింది.

"పక్కటెముక విరిగింది కనబడితే చాలు, డాక్టరు సంతోషించి అక్కడే ఆగిపోతాడు, వెనక ఊపిరితిత్తిలో మచ్చను వదిలేస్తాడు. ఒకటి దొరికాక రెండోదాన్ని వెతకమని ఎంతమందికి చెప్పానో. నాకు నడిమధ్యన నాన్న దొరికాడు. ఫ్రేము కట్టించేటప్పుడు ఆ అంచు నేనే మడతపెట్టమన్నాను." ఆమె చెవి వైపు తిరిగి అన్నాడు, "ఇతను మా నాన్నయితే, యుద్ధం అయ్యేదాకా బతికుండి ఇంటికి రాలేదు. మా అమ్మ పొద్దున్నే అద్దం ముందు కూర్చుని బొట్టు పెట్టుకునేది. కాకపోతే, ఎవరికో ఇన్నాళ్ళూ దీపం పెట్టాను. భుజం చూడు తల్లీ. భుజం ఒక్కటీ చూసి చెప్పు."

ఆమె భూతద్దం మధ్యకు జరిపింది. జారిన ఎడమ భుజం మీద ఒక సన్నటి నల్లని గీత. నీడ అనుకున్నది నీడ కాదు, తాడు. తాడు వీపు వెనక్కి పోయి ఒక దుంగ కొసకు కట్టి ఉంది.

"ఎడమ భుజంతోని దుంగను లాగుతున్నడు అంకుల్. భుజం బరువుకు వంగింది." కళ్ళు తుడుచుకుని, ల్యాబులో రిపోర్టు చెప్పినట్టు మిగతాది చెప్పింది. "బరువు దించినాక ఎట్ల నిలబడ్తడో ఈ ఫొటో చెప్పదు."

ద్వారకానాథ్ తల ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు. జయంత్ తల మీది కవరు తీసేసి ఆయన మోకాలు పట్టుకుని, "తాతా, లైట్ ఆఫ్?" అని అడిగాడు. "ఆఫ్ చెయ్యి నాన్నా," అన్నాడాయన.

ఆ సాయంత్రం లాస్య అన్నం తినలేదు. చెప్పకుంటే ఏమయ్యేదని ఉపేంద్ర అడిగితే, "ఆయన నాకు చూసుడు నేర్పిండు. ఆయనకే అబద్ధం చెప్పాల్నా?" అంది. అన్నది గానీ, ఆ తర్వాత వారాల తరబడి పక్కింటి గ్యారేజీ తలుపు తెరుచుకోకపోతే, ప్రతిరోజూ ఆ ప్రశ్న ఆమెనే అడిగింది. కిచెన్ కిటికీలోంచి చూస్తే ఆయన గొట్టం పట్టుకుని ఒకే మొక్కకు నీళ్ళు పడుతూ నిలబడి ఉండేవాడు. మడి నిండి నీళ్ళు దారి మీదికి పారేవి.

సెప్టెంబరులో, ఇక్కడి చెట్లు పూతకొచ్చే రోజుల్లో ఫెన్సు అవతల నుంచి పిలుపు వచ్చింది. "అమ్మాయీ, ఆదివారం మహాలయ అమావాస్య. పంతులుగారిని రమ్మన్నాను. మీరు ముగ్గురూ భోజనానికి రండి."

ఇంటి వెనక పాటియో అరుగు మీద పీట వేసుకుని, తడి పంచెతో, చలికి వణుకుతూ ఆయన మొదటిసారి తండ్రి పేరు చెప్పి పిండం పెట్టాడు. జనార్దనరావు అనే మాట దగ్గర నోరు తిరగలేదు. పంతులు ఓపిగ్గా ఆగాడు. అందరికీ తర్పణం అయ్యాక ద్వారకానాథ్ ఇంకొకసారి దోసిట్లో నువ్వులూ నీళ్ళూ తీసుకున్నాడు. ఎవరికని పంతులు అడిగాడు.

"వంతెన దగ్గర ఒక మనిషి ఉన్నాడు. పేరు తెలియదు, గోత్రం తెలియదు. పాపం, ఇంటికి చేరాడో లేదో."

"తెలియనివాళ్ళకు కూడా మంత్రం ఉందండీ," అన్నాడు పంతులు. ఆయన చెప్పించాడు, ఈయన నీళ్ళు వదిలాడు. వేళ్ళ మధ్య నుంచి నీళ్ళు పోతుంటే అప్పుడు ఏడ్చాడు, ముసలివాళ్ళు ఏడ్చినట్టు కాదు, గేటు దగ్గర తల్లి కనపడని పిల్లాడు ఏడ్చినట్టు.

ఫొటో మళ్ళీ దేవుడి అలమరలోకే వెళ్ళింది. ఈసారి అంచు మడతపెట్టకుండా, పెద్ద ఫ్రేములో. "ఎవరి నాన్నో. అడగడానికి ఎవరైనా వచ్చేదాకా మన దగ్గరే ఉండనీ," అన్నాడు.

వెతకాల్సింది లేకపోయాక క్లైడ్ నార్త్‌లో ఆయనకు పని లేకపోయింది. వేసవిలో కిరణ్మయి వచ్చి తండ్రిని స్కోఫీల్డ్స్ తీసుకెళ్ళింది. భూతద్దం లాస్యకు ఇచ్చాడు. వెళ్ళేముందు జయంత్ మొహాన్ని రెండు చేతులతో తడిమి, "నువ్వెలా ఉంటావో నాకు చెవుల వరకే తెలుసు," అన్నాడు. ఫోన్లో మాత్రం మాట్లాడుతూ ఉండేవాడు. మార్చిలో, ఇక్కడ ఆకులు రాలే కాలంలో, కిరణ్మయి ఫోన్ చేసింది. నిద్రలోనే పోయాడట. పంతులు తిథి చూసి చెప్పాడట, ఫాల్గుణ బహుళ దశమి. ఆ మాట చెబుతూ కిరణ్మయి ఆగి, "నాన్నకి తిథి ఉంది లాస్యా," అంది.

పక్కింటికి అమ్మకం బోర్డు పెట్టారు. జయంత్ ఆ బోర్డు దాకా పరుగెత్తి, వెనక్కి తిరిగి తల్లి ఉందా అని చూసి, మళ్ళీ పరుగెత్తుతాడు. లాస్య చొక్కా అంచు పట్టుకోవడం మానేసింది. నిన్న పార్కులో జారుడుబల్ల మీంచి బోర్లా పడ్డాడు. ఆమె కాళ్ళు ముందుకు దూకబోయాయి. కానీ ఆగి, పెదవులు కదిపి తనకు తను చెప్పుకుంది: మోకాలు గీరుకుంది. గట్టిగా ఏడుస్తున్నాడు, అంటే ఊపిరి బాగా ఆడుతోంది. రెండు చేతులూ కదులుతున్నాయి. అప్పుడు చెయ్యెత్తింది. వాడు చూశాడు. లేచి, కుంటుకుంటూ తనే వచ్చాడు.

చివరిసారి ఫోన్లో పిల్లాడి జ్వరం గురించి ఆమె గాభరాపడుతుంటే అంకుల్ చెప్పింది ఇదే. "ముందు కనబడింది చెప్పుకో తల్లీ. భయం ఎక్కడికీ పోదు. దాని వంతు తర్వాత."